రోజూ సెంటర్‌కి రావాలా, వారం మందు ఇంటికివ్వాలా: రూలు మార్చకముందే సిమ్యులేషన్‌లో చూడొచ్చా?

పెన్నా_ఒడ్డు
ఎంఎస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నా. నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు, హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకు అలవాటు పడినవాళ్ల వైద్యంలో ఒక రూలు మారిస్తే ఏమవుతుందో కంప్యూటర్లో ముందే నడిపి చూడాలని నా ప్రాజెక్టు ఆలోచన. కాలేజీలో చెబితే "అది అమెరికా గొడవ, మనకెందుకు, వరి దిగుబడి మీద చేసుకో" అన్నారు. నాకు నిజంగా బాధేసింది. ఎయిమ్స్ వాళ్లు చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. ఏదో ఒక ఓపియాయిడ్ వాడేవాళ్లు జనాభాలో సుమారు 2.1 శాతం, అంటే రెండు కోట్ల పైమాటే అని అందులో ఉంది. మన గొడవ కాకుండా ఎట్లా పోతుంది?

నా ప్రశ్న ఇది. ఈ అలవాటుకి వైద్యంగా ఇచ్చే బ్యుప్రినార్ఫిన్ మాత్రని రోజూ సెంటర్‌కి వచ్చి నర్సు ముందే నాలుక కింద పెట్టుకోవాలనేది ఒక పద్ధతి. కుదురుకున్నవాళ్లకి వారం మందు ఇచ్చి పంపడం ఇంకొకటి. నెల్లూరు, ప్రకాశం వైపు ఏది మేలో మోడల్ చేసి చెప్పొచ్చా? చెప్పాలంటే ఏయే లెక్కలు కావాలి?

సింగరాయకొండ_స్టేషన్
మన దగ్గర ముందు తాగుడు సంగతి చూడాలమ్మా. మాత్రల మీద బతికేవాళ్లు ఊరికి ఎంతమంది ఉంటారు?

చీటీ_ఉంటేనే
స్టేషన్ గారూ, మెడికల్ షాపు కౌంటర్ వెనక ఒక్క సాయంత్రం నిలబడితే ఆ ప్రశ్న వేయరు. నాది కావలి వైపు షాపు. 2018 ఏప్రిల్లో ట్రమడాల్ అనే నొప్పి మాత్రని ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కిందికి తెచ్చారు. మంచిదే. అప్పటిదాకా నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి అని అడిగేవాళ్లలో కొందరు వచ్చే వారమే ఇంకో మాత్ర పేరు నేర్చుకుని వచ్చారు. చీటీ లేకుండా ఇవ్వనంటే ఇంకో షాపు, అక్కడా ఇవ్వకపోతే ఇంకో ఊరు. అలవాటు పోలేదు, మాత్ర మారిందంతే.

షెడ్యూల్ హెచ్1 (చీటీ చూసి అమ్మి రాసిపెట్టాల్సిన మందుల) రిజిస్టరు మూడేళ్లు దాచాలి, దాస్తున్నాం. ఆ రిజిస్టర్లో నేను ఎవరికి అమ్మానో ఉంటుంది. ఎవర్ని తిప్పి పంపానో, అతను తర్వాత ఏమయ్యాడో ఉండదు.

పెన్నా_ఒడ్డు
@చీటీ_ఉంటేనే అన్నా, మీరు చెప్పిందే స్టాన్‌ఫర్డ్ వాళ్ల 2018 మోడల్లోనూ వచ్చింది. నొప్పి మాత్రల సరఫరా తగ్గించే రూళ్లు దీర్ఘకాలంలో మేలు చేయొచ్చు గానీ, మొదటి కొన్నేళ్లు అప్పటికే అలవాటు పడినవాళ్లు హెరాయిన్ వైపు మళ్లి నష్టం పెరగొచ్చని తేల్చారు. అలవాటు పడినవాళ్లకి వైద్యం పెంచే రూళ్లలో మాత్రం ఏ వర్గానికీ అలాంటి నష్టం కనపడలేదు. 2010లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్రని పొడి చేయడానికి వీల్లేకుండా మార్చినప్పుడు అమెరికాలో చాలామంది హెరాయిన్‌కి మారారు. మోడల్ చెప్పింది గాలి మాట కాదు.

చీమకుర్తి_రాయి
క్వారీలో సూపర్‌వైజర్‌ని. రాయి పని చేసేవాడికి ఒళ్లు నొప్పి లేని రోజు ఉండదు. మొదట నిజంగా నొప్పికే వేసుకుంటారు. తర్వాత మాత్ర లేకపోతే ముక్కు కారడం, కడుపు మెలిపెట్టడం, నిద్ర పట్టకపోవడం. ఆ బాధ తట్టుకోలేక మళ్లీ వేసుకుంటారు. దీన్ని మీ కంప్యూటర్లో ఎట్లా పెడతారో తెలీదు గానీ, "చెడు సావాసం" అని ఒక్క మాటతో మాత్రం తేల్చేయకండి.

మానసిక_వైద్యం
@చీమకుర్తి_రాయి మీరు చెప్పింది అక్షరాలా విత్‌డ్రాయల్. బ్యుప్రినార్ఫిన్ పని అక్కడే. మెదడులో ఓపియాయిడ్ కూర్చునే చోటే ఇదీ కూర్చుంటుంది, కానీ సగమే పనిచేస్తుంది. బాధ ఆగుతుంది, మత్తు ఒక హద్దు దాటి ఎక్కదు. మనిషి పనికి పోగలడు. మొదటి మోతాదు మాత్రం విత్‌డ్రాయల్ మొదలయ్యాకే ఇవ్వాలి, తొందరపడి ముందే ఇస్తే బాధ ఒక్కసారిగా ఎక్కువవుతుంది.

@పెన్నా_ఒడ్డు ఏ లెక్క కావాలన్నావు కదా. మొదట కావాల్సింది "ఎంతమంది చేరారు" కాదు, "ఎంతమంది నిలిచారు". 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ చూడు. చాలా దేశాల లెక్కలు కలిపి చేశారు. మెథడోన్ (ఇదీ ఓపియాయిడ్ అలవాటుకిచ్చే మందే) వైద్యంలో ఉన్నంతకాలం ఏడాదికి వెయ్యి మందిలో మరణాలు 11.3. వైద్యం మానేశాక 36.1. బ్యుప్రినార్ఫిన్‌లో 4.3, మానేశాక 9.5. మెథడోన్ మానేసిన మొదటి నాలుగు వారాలు మరీ ప్రమాదం. కొన్నాళ్లు వాడకపోతే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచి బయటికొచ్చినవాళ్ల విషయంలో జరిగేదీ ఇదే.

పోర్టు_లెక్కలు
కృష్ణపట్నం వైపు సరుకు రవాణా ప్లానింగ్‌లో ఉంటా. ఓడలు, లారీలు, క్రేన్ల క్యూలు సిమ్యులేషన్ చేసి చూడటం మా రోజువారీ పని. డాక్టర్ గారి మాట మీద చిన్న లెక్క వేశా. ఇవన్నీ ఊహ అంకెలు, నిజం అనుకోవద్దు.

సెంటర్‌ని చెరువు అనుకోండి. కాలవలో నెలకి 10 మంది కొత్తగా వస్తున్నారు. తూములోంచి నెలకి ఉన్నవాళ్లలో 20 శాతం మంది పోతున్నారు. కొన్నాళ్లకి మట్టం 50 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే 50లో 20 శాతం 10. వచ్చేదీ పోయేదీ సమానం.

ఇప్పుడు మట్టం 100కి పెంచాలి. ఊరూరా క్యాంపులు పెట్టి నెలకి 20 మందిని చేర్చొచ్చు. లేదా చేరికలు అట్లాగే ఉంచి, మానేసేవాళ్లని 10 శాతానికి తగ్గించొచ్చు. రెండిట్లోనూ మట్టం 100కే వస్తుంది. మీటింగ్‌లో రిపోర్టు పెడితే రెండూ ఒక్కటిగానే కనపడతాయి. కానీ మొదటి దాంట్లో నెలనెలా 20 మంది బయటికి పోతున్నారు, రెండో దాంట్లో 10 మందే. డాక్టర్ గారు చెప్పిన ఆ నాలుగు వారాల ప్రమాదంలో మొదటి పద్ధతి రెట్టింపు మందిని పెడుతోంది. నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన విషయం అనిపిస్తోంది.

గూడూరు_అక్షర
పోర్టు అన్నా, ఈ పోస్టు సేవ్ చేసుకున్నా. మా కౌన్సెలింగ్ నెలవారీ రిపోర్టులో "కొత్త కేసులు" అనే గడి పెద్దగా ఉంటుంది. "మానేసినవారు" అనే గడే లేదు.

ఒంగోలు_గిత్త
నెల్లూరోళ్లకి ఏ లెక్క చెప్పినా చెరువు దగ్గరికే వస్తుంది.

పోర్టు_లెక్కలు
చెరువు మాదైతే గిత్త మీదేగా, సరిపోయింది.

మానసిక_వైద్యం
పోర్టు గారి లెక్కకి చిన్న సవరణ. బయటికి పోయిన ప్రతివాళ్లూ మానేసినట్టు కాదు. మోతాదు నెమ్మదిగా తగ్గించుకుంటూ, డాక్టర్ చూస్తుండగా పూర్తి చేసుకున్నవాళ్లని వేరుగా లెక్కపెట్టాలి. మానేసి మళ్లీ తిరిగొచ్చేవాళ్లూ ఎక్కువే. నాలుగైదు దశలు పెట్టుకోవాలి, వాటి మధ్య రాకపోకలు రెండు వైపులా ఉండాలి.

మార్కాపురం_అన్న
మా తమ్ముడి సంగతి చెబుతా, మీ మోడల్‌కి పనికొస్తే వాడుకోండి. యాక్సిడెంట్‌లో కాలు విరిగింది, నొప్పి ఇంజెక్షన్లతో మొదలైంది. రెండేళ్లు నరకం చూశాం. చివరికి ఒక చోట నాలుక కింద మాత్ర మొదలుపెట్టారు. మూడో వారానికే మనిషి మనిషయ్యాడు, అన్నం తిన్నాడు, నవ్వాడు. కానీ రోజూ రావాలన్నారు. మా ఊరి నుంచి పొదిలి, చీమకుర్తి మీదుగా ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. ఆ మనిషి ఏ పనికి పోతాడు? మెకానిక్ షెడ్డు ఓనరు కొన్నాళ్లు ఓపిక పట్టి, తర్వాత వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. పని పోయాక ఛార్జీలకి డబ్బుల్లేవు. వారం మందు ఇవ్వండి, నేను దగ్గరుండి వేయిస్తా అని బతిమాలుకున్నా. రూలు ఒప్పుకోదన్నారు. వాళ్లనీ తప్పుపట్టలేను, చేతులు కట్టేసి ఉన్నాయి. తమ్ముడు మానేశాడు.

ఆ తర్వాత జరిగింది రాయలేను. బతికి ఉన్నాడు, అది చాలు. ఇప్పుడు వేరే డాక్టర్ దగ్గర మళ్లీ మొదలుపెట్టాం. వాడు మందు మీద ఇష్టం లేక మానలేదు, బస్సు వల్ల మానాడు. మీ కంప్యూటర్లో బస్సు ఉండాలి.

గిద్దలూరు_ఘాట్
మార్కాపురానికే వంద అయితే మా గిద్దలూరు సంగతి చెప్పక్కర్లేదు. ఉదయగిరి నుంచి నెల్లూరు పోయేవాళ్లదీ ఇదే కష్టం.

రిటైర్డ్_హెడ్డు
మార్కాపురం తమ్ముడి కష్టం అర్థమైంది. కానీ పోలీసు డిపార్ట్‌మెంటులో పనిచేసినవాణ్ణి కాబట్టి రెండో వైపు చెప్పాలి. వారం మాత్రలు చేతికిస్తే అందులో కొన్ని బయట అమ్ముడవుతాయి. మన దేశంలో బ్యుప్రినార్ఫిన్‌నే ఇంజెక్షన్‌గా వాడి పాడైపోయినవాళ్లున్నారు. రోజూ రమ్మనే రూలు ఊరికే పెట్టలేదు.

మానసిక_వైద్యం
@రిటైర్డ్_హెడ్డు భయం న్యాయమైనదే. అందుకే ఇప్పుడు నాలాక్సోన్ (ఓపియాయిడ్ పనిని ఆపే మందు) కలిపిన మాత్ర వాడుతున్నాం. నాలుక కింద పెట్టుకుంటే నాలాక్సోన్ దాదాపు ఒంటికెక్కదు, బ్యుప్రినార్ఫిన్ పని అది చేసుకుపోతుంది. కరిగించి ఇంజెక్షన్ చేసుకుంటే మాత్రం నాలాక్సోన్ పనిచేసి విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. దుర్వినియోగం సున్నా కాదు, బాగా తగ్గుతుంది.

రిటైర్డ్_హెడ్డు
తగ్గుతుందని మీరంటున్నారు, ఎంత తగ్గుతుందో ఎవరు చెప్పాలి?

పోర్టు_లెక్కలు
సిమ్యులేషన్ ఇక్కడే అక్కరకొస్తుంది. ఎంత లీకవుతుందో ముందే తెలియాల్సిన పని లేదు. ప్రశ్న తిప్పి వేయాలి: ఎంత శాతం మాత్రలు బయటికి పోతే వారం మందు వల్ల వచ్చే మేలంతా తుడిచిపెట్టుకుపోతుంది? 2 శాతం, 5, 10, 30 అని పెంచుకుంటూ నడపాలి. 3 శాతానికే మేలు పోతే హెడ్డు గారి మాట నెగ్గుతుంది. 40 శాతం లీకైనా మేలే మిగిలితే రూలు మార్చడానికి ధైర్యం వస్తుంది. ఆ గీత ఎక్కడుందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది.

రిటైర్డ్_హెడ్డు
ఇది నచ్చింది. నా అంకె నేను పెట్టుకుని చూసుకోవచ్చన్నమాట.

ఇంకో సంగతి కూడా చేర్చండి. ఎన్‌డీపీఎస్‌లో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసులోనో, తక్కువ పరిమాణం కేసులోనో దొరికినవాడు తనంతట తాను వైద్యానికి ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. వైద్యం పూర్తి చేయకపోతే ఆ మినహాయింపు తీసేయొచ్చు. ఈ సెక్షన్ గురించి తెలిసిన కుటుంబాలు నాకు చాలా తక్కువ కనపడ్డాయి. పోలీసు భయంతో సెంటర్ గడప తొక్కనివాళ్లు ఉన్నారు. అది చేరికల మీద పడుతుంది.

సింగరాయకొండ_స్టేషన్
అందరూ లెక్కల మీద లెక్కలు వేస్తున్నారు. 10 మంది, 20 శాతం, అన్నీ ఊహే. ఊహలు పోసి తిప్పితే ఊహే బయటికొస్తుంది. అమెరికాలోనే చూడండి. బ్యుప్రినార్ఫిన్ రాయాలంటే డాక్టర్లకి ప్రత్యేక అనుమతి ఉండాలనే రూలుని 2022 డిసెంబరులో ఎత్తేశారు. ఇక అందరికీ మందు అందుతుందనుకున్నారు. రాసే డాక్టర్ల సంఖ్య పెరిగింది గానీ, మందు తీసుకునే రోగుల సంఖ్య చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. రూలు తీసేస్తే జనం వచ్చేస్తారని మోడల్లో రాసుకుంటే వస్తారా?

పెన్నా_ఒడ్డు
రారు. మీరిచ్చిన ఉదాహరణ నా పనికి చాలా ముఖ్యం. అనుమతి లేకపోవడం అనేక అడ్డంకుల్లో ఒకటే. మందుల షాపులో సరుకు లేకపోవడం, డాక్టర్‌కి అనుభవం లేకపోవడం, నలుగురూ ఏమనుకుంటారోనన్న సిగ్గు, అవన్నీ అట్లాగే ఉన్నాయి. ఒక్క అడ్డంకి తీసేస్తే ప్రవాహం ఎంత పెరుగుతుందో ముందే ఖాయం చేసుకున్న మోడల్ తప్పు చెబుతుంది. అడ్డంకులన్నీ విడివిడిగా పెట్టిన మోడల్ "తర్వాతి అడ్డంకి దగ్గర ఆగిపోతుంది" అని చూపిస్తుంది.

వ్యతిరేక ఉదాహరణా ఉంది. ఫ్రాన్స్‌లో 1990ల నడిమిలో మామూలు ఫ్యామిలీ డాక్టర్లే బ్యుప్రినార్ఫిన్ రాయొచ్చన్నారు. 1995 నుంచి 1999 లోపు అక్కడ ఓవర్‌డోస్ మరణాలు సుమారు 80 శాతం తగ్గాయి. మాత్రలు కొన్ని పక్కదారి పట్టిన మాటా నిజమే, హెడ్డు గారి కోసం చెబుతున్నా. ఒకే రకం రూలు, రెండు దేశాల్లో రెండు ఫలితాలు. అందుకే మన ఊరి బస్సు, మన ఊరి షాపు మోడల్లో ఉండాలంటున్నా.

సింగరాయకొండ_స్టేషన్
అయితే ఒక షరతు. ముందుకి నడపకముందు వెనక్కి నడుపు. గడిచిన నాలుగేళ్లు నీ మోడల్ ఏం చెబుతుందో చూసి, రిజిస్టరుతో పోల్చు. కలిస్తేనే రేపటి మాట చెప్పు.

పోర్టు_లెక్కలు
స్టేషన్ గారు అడిగింది నూటికి నూరు పాళ్లు సరైన పని. పెద్ద మోడళ్లూ అట్లాగే చేస్తాయి. ఓపియాయిడ్ల మీద అమెరికా వాళ్లు చేసిన "సోర్స్" అనే మోడల్ 2022లో పీఎన్ఏఎస్ అనే సైన్స్ జర్నల్‌లో వచ్చింది. 1999 నుంచి 2020 దాకా జరిగిన చరిత్రతో సరిచూసుకున్నాకే 2032 దాకా అంచనాలు వేశారు. అదీ ఒక్క గీత కాదు, ఇంత నుంచి ఇంత దాకా అనే పట్టీ.

ఇంకొకటి, క్యూ సంగతి మర్చిపోకండి. ఒక సెంటర్లో 60 మంది ఉన్నారనుకుందాం. రోజూ రమ్మంటే మనిషికి 4 నిమిషాల చొప్పున 240 నిమిషాలు, అంటే రోజూ నాలుగు గంటలు మాత్ర చేతికివ్వడానికే. వారానికోసారి రమ్మని ఆరు రోజుల్లో సర్దితే రోజుకి 10 మందే. అంటే 40 నిమిషాలు. మిగిలిన మూడు గంటల పైచిలుకు కొత్తవాళ్లకి ఇవ్వొచ్చు. ఉన్నవాళ్లకి ఇచ్చిన వెసులుబాటు వల్ల గేటు బయట ఉన్నవాళ్లకి చోటు దొరుకుతుంది.

గూడూరు_అక్షర
ఆ మూడు గంటలు దొరికితే నేను మాట్లాడాల్సినవాళ్ల జాబితా చాలా ఉంది. అయితే ఒక మాట. రోజూ వచ్చే వంకతో మనిషి నా కంటబడతాడు. ముఖం చూస్తే తేడా తెలిసిపోతుంది. వారానికోసారి అయితే అది పోతుంది. మధ్యలో ఒక ఫోన్ కాల్ పెడితే ఎంత పూడుతుందో కూడా వేసి చూడండి.

పొదిలి_బ్యారన్
మానేసే శాతం ఏడాది పొడుగునా ఒకేలా పెట్టొద్దు. మా వైపు పొగాకు కోతలు, ఆకు కాల్చే బ్యారన్ల పని మొదలైతే ఎవడూ ఆస్పత్రి మొహం చూడడు. పడమటి మండలాల నుంచి గుంటూరు మిర్చి కోతలకి కుటుంబాలే లేచిపోతాయి. హైదరాబాద్ బేల్దారి పనికి పోయేవాళ్లు వేరే. నర్సు ముందే వేసుకోవాలంటే ఆ నెలల్లో ఖాళీ అవుతుంది సెంటరు.

చీమకుర్తి_రాయి
బ్యారన్ అన్న చెప్పింది కరెక్ట్. క్వారీకి వచ్చే పక్క రాష్ట్రాల కూలీలు పండక్కి ఊరెళ్తే నెల దాకా రారు. వాళ్లకి వెంట మందు ఇచ్చే దారి ఉండాలి.

పెన్నా_ఒడ్డు
నెలవారీగా మానేసే రేటు మార్చే గడి పెడతా. ఇది ఎక్కడా చదివి తెలుసుకునేది కాదు, చాలా థ్యాంక్స్.

చీటీ_ఉంటేనే
అసలు వారం మందు పద్ధతి మన దేశంలో ఎక్కడైనా పెట్టారా?

మానసిక_వైద్యం
పంజాబ్‌లో 2017లో ఓఓఏటీ క్లినిక్‌లు (ఆస్పత్రిలో చేరకుండానే వచ్చి బ్యుప్రినార్ఫిన్ తీసుకునేవి) మొదలయ్యాయి. మొదట రోజూ రావాల్సిందే. 2020 లాక్‌డౌన్‌లో బస్సులాగిపోయేసరికి ఇంటికి మందు ఇవ్వక తప్పలేదు. అమెరికాలో కూడా అదే ఏడాది మార్చిలో కుదురుకున్నవాళ్లకి 28 రోజుల దాకా మెథడోన్ ఇంటికి ఇవ్వొచ్చన్నారు. భయపడినంత అనర్థం జరగలేదని చూశాక 2024లో ఆ వెసులుబాటుని శాశ్వత నిబంధనల్లో పెట్టారు. ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద, ఇంజెక్షన్లు వాడేవాళ్ల కోసం మన దేశంలో నడిచే సెంటర్లు మాత్రం ఎదురుగా మందు వేయించే పద్ధతి మీదే మొదలయ్యాయి.

పెన్నా, లెక్కలకి ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకో. పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, చేరిన నెల, ఆఖరిసారి వచ్చిన నెల, ఎంత దూరం నుంచి వస్తున్నారు, ఈ మూడు కాలమ్‌లు ఇప్పించడానికి ప్రయత్నిస్తా. వరి దిగుబడి మీద చేయమన్న మీ సార్‌తో మాట్లాడాలన్నా మాట్లాడతా.

ఒంగోలు_గిత్త
ఎవరికైనా ఇంట్లో ఈ సమస్య ఉండి ఈ దారం చదువుతుంటే, డీ-అడిక్షన్ జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఇబ్బందికి టెలి మానస్ 14416. మోడల్ తయారయ్యేదాకా ఆగక్కర్లేదు.

రిటైర్డ్_హెడ్డు
గిత్త మంచి పని చేశాడు.

పెన్నా_ఒడ్డు
సరే, ఇట్లా మొదలుపెడుతున్నా. ముందు ఒక్క సెంటరు, ఒక్క రూలు. ఫలితంగా "ఎంతమంది చేరారు" చూపించను. ఆరు నెలలకి ఎంతమంది నిలిచారు, ఏ నెలలో ఎంతమంది మానేశారు, ఆ మానేసినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు, ఇవి చూపిస్తా. దూరాన్ని బట్టి మానేసే రేటు మారుతుంది. హెడ్డు గారి లీకు శాతం ఎవరైనా మార్చుకునేలా పైనే పెడతా. వెనక్కి నడిపిన ఫలితం స్టేషన్ గారికి మొదట పంపిస్తా.

సింగరాయకొండ_స్టేషన్
పంపు. కలవకపోతే కలవలేదనే చెబుతా.

పోర్టు_లెక్కలు
షీటులో ఊహించి పెట్టిన గడులకి ఒక రంగు, రిజిస్టరు నుంచి తెచ్చిన వాటికి ఇంకో రంగు వెయ్యమ్మా. చూసేవాళ్లకి ఏది నమ్మాలో తెలుస్తుంది. మార్కాపురం అన్నా, మీ తమ్ముడు సరేనంటేనే ప్రయాణం ఖర్చుల లెక్క ఇవ్వండి, బలవంతం లేదు.

మార్కాపురం_అన్న
ఇప్పుడే అడిగా. పేరు రాయకపోతే సరే, ఇచ్చెయ్ అన్నాడు. బస్సు ఛార్జీ, స్టాండ్ నుంచి ఆటో, పోయిన కూలీ వేరువేరుగా రాసి పంపుతా. వెంట వచ్చిన నా కూలీ కూడా రాయాలా పెన్నా?

పెన్నా_ఒడ్డు
రాయండి అన్నా. తోడు వచ్చేవాళ్ల ఖర్చుకి ఇంకో కాలమ్ పెడుతున్నా.